బ్యాటరీ పంపు ఆగినచో ముందు చూడవలసినది కనెక్టరు

కందిపూతపై మారుకా పురుగు కనబడినప్పుడు మందు చల్లుటకు జాగు చేయరాదు. కొలది దినములలోనే పురుగు పూవులను, పిందెలను గూడుగా అల్లుకొని లోపల దాగును. అటుపైన మందు దానికి సరిగా తగులదు. అట్టి సమయమున 12 వోల్టుల బ్యాటరీ పంపు ఆగెనేని, రైతునకు కలుగు నష్టము పంపు ధరతో పోదు.

ఇట్టి పంపును బాగుచేయింప తెచ్చినవారికి "బోర్డు పోయినది, క్రొత్తది వేయవలెను" అను మాట తరచుగా వినబడును. సికింద్రాబాదు–ఫలక్‌నుమా రైలుమార్గమున నున్న యాకుత్‌పురాలో, ఒక చిన్న మరమ్మతు దుకాణమునందు, మేము వేరొక పద్ధతిని చూచితిమి. అచ్చటి పనివాడు బోర్డును త్రోసివేయక, తీగెలు బోర్డును చేరుచోటును, అనగా కనెక్టరును, ముందు పరీక్షించును. కారణము స్పష్టము. పంపు వీపుపై ఊగినప్పుడెల్ల కనెక్టరు లాగబడును, మందునీటికి తడియును.

గుర్తించు విధము: ముందుగా చార్జరును, బ్యాటరీ తీగెలను తీసివేయవలెను. కనెక్టరున పచ్చని చిలుము, కాలిన మచ్చ, వంగిన పిన్ను కలవేమో చూడవలెను. భూతద్దముతో బోర్డు అడుగును చూచినచో, పిన్ను చుట్టును సన్నని పగులు కనబడవచ్చును. పిమ్మట మల్టీమీటరును బజరు గుర్తుపై నుంచి, ఒక కొనను తీగెకును, రెండవ కొనను బోర్డుపై దానికి చెందిన రాగిదారికిని తాకింపవలెను. తీగెను మెల్లగా కదల్చునప్పుడు ధ్వని తెగితెగి వచ్చినచో దోషమచ్చటనే కలదు.

మార్చు విధము: ఏ రంగు తీగె ఎచ్చట నున్నదో వ్రాసికొనవలెను, ఎరుపు నలుపులు తారుమారైన మంచి బోర్డును కాలిపోవచ్చును. పాతదానిని వెంట గొనిపోయి, పిన్నుల సంఖ్యయు, వాని నడిమి దూరమును సరిచూచి క్రొత్తది కొనవలెను. 2 మిల్లీమీటర్లది 2.5 మిల్లీమీటర్ల రంధ్రములకు కుదరదు. తగరము 60 పాళ్లు, సీసము 40 పాళ్లు గల సోల్డరు సుమారు 190 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పూర్తిగా కరగును. కరగినదానిని పీల్చుగొట్టముతో తీసి, రంధ్రములు ఖాళీయైన పిదపనే కనెక్టరును ఊడదీయవలెను. బలిమిని లాగినచో రాగిదారియే లేచివచ్చును. క్రొత్తదానిని నిలిపి, పిన్నును రాగిని కలిపి వేడిచేసి సోల్డరు తాకింపవలెను. అతుకు నున్నగా మెరసిన మంచిది. ముద్దకట్టిన మరల వేడిచేయవలెను. ప్రక్కపిన్నులు కలిసిపోలేదని మీటరుతో నిశ్చయించుకొనియే బ్యాటరీ తగిలింపవలెను.

పంపును కడిగి ఆరబెట్టిన పిదపనే విప్పవలెను. సీసము విషము గనుక పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను. 230 వోల్టుల చార్జరును గాని, 415 వోల్టుల మోటారు స్టార్టరును గాని ఇంట విప్పరాదు. అది ఎలక్ట్రీషియను పని.

ఒక మల్టీమీటరును, ఒక సోల్డరింగు ఐరనును సంఘము పక్షమున కొని యుంచి, పని నేర్చిన యువకునొకనికి అప్పగించినచో, మందు చల్లవలసిన దినమున సభ్యుడు పట్టణమునకు పరుగెత్త నక్కరలేదు.