కీర్తన ఎవరిది? బాణీ ఎవరిది?

శ్రీరామనవమికి సికింద్రాబాద్ పందిళ్లలో మైకు పెట్టగానే రామదాసు కీర్తన మోగుతుంది. ‘సినిమా పాట’ అనేవారు కొందరు, ‘సినిమావాళ్లు పాడుచేసిన కీర్తన’ అనేవారు మరికొందరు. భక్త రామదాసు పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊళ్లో కూడా ఈ తగువు తెగదు. తెగాలంటే సాహిత్యం, రాగం, బాణీ మూడింటినీ విడివిడిగా చూడాలి.

అపోహ: రాగం ఒకటైతే పాట కాపీ కొట్టినట్టే.

వాస్తవం: ‘మాయాబజార్’ (1957)లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మోహన రాగం. త్యాగయ్య ‘నను పాలింప’ కూడా మోహనే. రెండింటికీ స్వరాలు అవే ఐదు: స రి గ ప ద. అయినా ఒకదాన్ని విని రెండోది అనుకునేవారు ఉండరు. రాగం అందరి సొత్తు. కట్టిన బాణీయే సొంతం.

అపోహ: ‘అల వైకుంఠపురములో’ (2020) పాట ‘సామజవరగమన’ త్యాగరాజ కీర్తనే.

వాస్తవం: త్యాగయ్య నుంచి వచ్చింది ఆ పల్లవి మాట. ఆయన కీర్తన హిందోళంలో సాగుతుంది. సినిమా పాట సిరివెన్నెల రచన, బాణీ తమన్‌ది.

అపోహ: ‘శంకరాభరణం’ (1980)లో ఉన్నవన్నీ త్యాగరాజ కీర్తనలే.

వాస్తవం: ‘శంకరా నాదశరీరాపరా’ వేటూరి రాయగా కె.వి. మహదేవన్ మధ్యమావతిలో కట్టిన సినిమా పాట. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. ‘పలుకే బంగారమాయెనా’ రామదాసుది. తెలుగులో ఉంది కదా అని చాలామంది త్యాగయ్య ఖాతాలో వేసే ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులది.

అపోహ: కీర్తనల అసలు వరసలను సినిమాయే చెరిపేసింది.

వాస్తవం: అన్నమయ్య రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు చెక్కి ఉంటుంది, స్వరాలు ఉండవు. ఇవాళ మనం పాడుకునే వరసల్లో ఎన్నో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రామదాసు కూడా స్వరాలు రాసిపెట్టి పోలేదు. ‘అసలు వరస’ ఫలానా అని పందెం కాయడం కష్టం. అలాగని సినిమా ఎక్కడా చెయ్యి పెట్టలేదనీ అనలేం. త్యాగయ్య కాంభోజిలో చేసిన ‘మరి మరి నిన్నే’ను ‘సింధుభైరవి’ (1985)లో ఇళయరాజా సారమతిలోకి మార్చారు. సాహిత్యం అదే, రాగం, బాణీ వేరు.

అపోహ: శాస్త్రీయ సంగీతం బయటి బాణీ ముట్టదు.

వాస్తవం: ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు పాశ్చాత్య బాణీలకు రాసిన సంస్కృత సాహిత్యాలు. అందులో ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ రాజగీతం బాణీయే.

అపోహ: సినిమాలో వాడిన కీర్తన పాడాలంటే ఆ సినిమావాళ్ల అనుమతి కావాలి.

వాస్తవం: మన చట్టంలో రచయిత హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. త్యాగయ్య 1847లో కన్నుమూశారు. 1961లో పోయిన వాసుదేవాచార్యుల రచనల గడువు కూడా 2021తో తీరింది. సినిమా ఆడియో మీద, సంగీత దర్శకుడు కొత్తగా కట్టిన బాణీ మీద మాత్రం హక్కులు వేరుగా ఉంటాయి. కీర్తనను సంప్రదాయ వరసలో నిశ్చింతగా పాడుకోండి; వీడియో పెట్టేటప్పుడు వాగ్గేయకారుడి పేరు సరిచూసి రాయండి.