అక్షరరూపంలో ఉంటేనే అందరికీ అందే ఈ-మెయిల్

ప్రభుత్వ కార్యాలయాల ఉత్తర ప్రత్యుత్తరాలలో, పత్రికా ప్రకటనల జారీలో ఈ-మెయిల్ నేడు కీలక పాత్ర వహిస్తున్నది. అయితే మెయిల్ చేరినంత మాత్రాన సమాచారం చేరినట్లు కాదు. ఇంటర్వ్యూ తేదీని తెలిపే ఉత్తర్వును స్కాన్ చేసి పంపినచో, దృష్టి లోపం గల అభ్యర్థికి మెయిల్ వచ్చిన సంగతి తెలిసినా తేదీ తెలియకపోవచ్చు.

అంధులు స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో కంప్యూటర్‌ను వినియోగిస్తారు. తెరపై గల అక్షరాలను ఇది చదివి వినిపిస్తుంది. ఉచితంగా లభించే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్లలోని టాక్‌బ్యాక్ ఈ కోవకు చెందినవే. స్కాన్ చేసిన కాగితం మాత్రం అక్షరాల సముదాయం కాదు, కేవలం ఒక చిత్రం. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఉన్నప్పటికీ పేర్లు, అంకెల విషయంలో పొరపాట్లకు ఆస్కారం ఉంటుంది.

తెలుగుకు సంబంధించి మరొక సమస్య ఉన్నది. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానంలో తెలుగు అక్షరాల ఆకృతులను అమర్చారు. కంటికి తెలుగుగా కనిపించే ఆ పాఠం స్క్రీన్ రీడర్‌లో అర్థరహితంగా వినిపిస్తుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి ప్రత్యేక సంకేతం ఉన్నందున ఈ ఇబ్బంది తలెత్తదు.

మెయిల్ పంపేవారు పాటించవలసిన అంశాలు:

* సబ్జెక్టులో విషయాన్ని స్పష్టంగా పేర్కొనాలి.
* సంతకం గల ప్రతిని స్కాన్ చేసి జతపరచినప్పటికీ, పూర్తి పాఠాన్ని యూనికోడ్‌లో మెయిల్‌లోనే ఇవ్వాలి.
* చిత్రాలకు క్లుప్త వివరణ జోడించాలి. లింకుకు "ఇక్కడ క్లిక్ చేయండి" అని కాక "దరఖాస్తు ఫారం" వంటి పేరు పెట్టాలి.
* ముఖ్యాంశాలను కేవలం రంగుతో సూచించరాదు. వర్ణాంధత్వం గలవారు వాటిని గుర్తించలేరు.
* బధిరుల సౌకర్యార్థం వీడియోలోని మాటలను అక్షరరూపంలో ఇవ్వాలి. సంప్రదించడానికి ఫోను నెంబరుతో పాటు మెయిల్ చిరునామా కూడా పేర్కొనాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగుల సంఖ్య 2.68 కోట్లు. వీరిలో 50 లక్షల మందికి పైగా దృష్టి లోపం గలవారు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారం వారికి అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని నిర్దేశిస్తున్నది. డిజిటల్ సేవలు పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

జతపరచే ఫైలులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరొక చోట పేస్టు చేసి చూడటం సులభమైన పరీక్ష. వాక్యం కాపీ కాకపోయినా, తెలుగుకు బదులు వేరే గుర్తులు వచ్చినా ఆ ఫైలు స్క్రీన్ రీడర్‌కు పనికిరాదని గ్రహించాలి. పంపే ముందు వెచ్చించే ఈ ఒక్క నిమిషం, సమాచారం అందక ఒక అభ్యర్థి అవకాశం కోల్పోయే పరిస్థితిని నివారించగలదు.