కత్తిపరెగ: ఏటి మొగలోని చేప

మాచర్లకు చేరువగా నాగార్జునసాగరమున నిలిచి, పల్నాటి ఉత్తరపు టంచు నొరసికొని ప్రవహించు కృష్ణానది తుదకు హంసలదీవి ప్రాంతమున సముద్రమును చేరుచున్నది. ఆ నది వెంట నడచిపోయి, ఉప్పునీరును మంచినీరును కలియు మొగకడ నిలిచినచో, నీటిపై ఉండియుండి వెండికడ్డీవలె ఎగిరిపడు చేప కానవచ్చును. అదియే కత్తిపరెగ. దీనిని ఆంగ్లమున ముల్లెట్ అనియు, శాస్త్ర పరిభాషలో మ్యూజిల్ సెఫాలస్ అనియు వ్యవహరింతురు. నరసరావుపేట, గురజాల అంగళ్లలో సముద్రపు చేపను చూచినపుడు మనము ధర యడుగుదుమే కాని, అది బ్రదుకు తీరు నడుగము. నేడు ఆ సంగతి కొంత తెలిసికొందము.

కత్తిపరెగ దేహము గుండ్రనిది. తల వెడల్పయి చదునుగా నుండును. వీపుపై రెండు రెక్కలు ఎడముగా నుండును; మొదటిదానియందు నాలుగు ముండ్లు గలవు. కంటిని పారదర్శకమైన క్రొవ్వుపొర కప్పియుండును. సాధారణముగా అర మీటరు వరకు పెరుగు నీ చేప, ఒక్కొక్కచో మీటరునకు మించుటయు గలదు. ఉష్ణ, సమశీతోష్ణ మండలముల తీరము లన్నిటను ఇది వ్యాపించియున్నది. మంచినీటను, సముద్రజలముకంటె ఉప్పనైన నీటను గూడ ఇది బ్రదుకగలదు.

దీని ఆహారవిధానము విచిత్రమైనది. పసితనమున నీటిలో తేలు సూక్ష్మజీవులను తినును. పెరిగిన పిమ్మట అడుగునకు దిగి బురదపై నోరు పెట్టును. దీనిని చూచి 'బురద తిను చేప' యని చులకన చేయరాదు. అది కోరునది బురదను గాదు, బురదలోని నాచును, కంటి కగపడని వృక్షకణములను, కుళ్లిన ఆకుల తునుకలను. పనికిరాని మంటిలో చాల భాగమును మొప్పల జల్లెడ వేరుచేయును. కడుపులో కోడి కందనకాయవంటి దళసరి కండరపు సంచి యొకటి గలదు. ఇసుకరేణువుల సాయమున అది ఆహారమును నూరును. ప్రేగు దేహముకంటె పలు రెట్లు పొడవు. మరియొక చేపను తినక, అడుగున పడియున్న సారమునే మాంసముగా మార్చుటచేత ఇది చెరువుల పెంపకమునకు మిక్కిలి అనువైనది.

ఇది ఏల ఎగురును? వేటాడు పెద్ద చేపనుండియు, వలనుండియు తప్పించుకొనుట ఒక కారణము. ప్రాణవాయువు తక్కువైన నీట మేయునపుడు గొంతులోని గదిలో గాలి నింపుకొనుటకే ఎగురునని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. ఈ అలవాటెరిగిన మధ్యధరా తీరపు జాలరులు నిలువు వల వెనుక నీటిపై మరియొక వలను పరచి, ఎగిరివచ్చిన దానిని పట్టుదురు.

మొగలో పెరిగినను, ఇది గ్రుడ్లు పెట్టుట సముద్రముననే. మన తీరమున ఈశాన్య ఋతుపవనముల కాలమున పక్వమైన చేపలు గుంపులుగా బయలుదేరును. ఒక్క ఆడుచేప లక్షల కొలది గ్రుడ్లు విడుచును. నూనెబొట్టు గల ఆ గ్రుడ్లు నీటిపై తేలి, సుమారు రెండు దినములలో పొదుగును. రెండు మూడు సెంటీమీటర్ల పిల్లలు తిరిగి మొగలను, మడ అడవుల కాలువలను చేరును.

కావున దీని బ్రదుకంతయు తెరచియున్న దారిపై ఆధారపడియున్నది. పులికాటు సరస్సు ముఖద్వారములు ఇసుకతో పూడుచుండుట అట్టి దారికి చేటు. గ్రుడ్లకు విదేశములలో గొప్ప గిరాకి గలదు. ఇటలీలోను, జపానులోను ఉప్పువేసి యెండబెట్టి తిందురు. అయినను గ్రుడ్లతో పోవు చేపలను మొగకడనే విచ్చలవిడిగా పట్టినచో రేపటి పంట నేడే కోసినట్లగును. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలజీవ పెంపక పరిశోధన సంస్థ కృత్రిమముగా పిల్లలను పుట్టించుటలో సఫలమైనది. ఇది వ్యాపించినచో సముద్రపు పిల్లలను ఏరితెచ్చు నవసరము తగ్గును.

మనకును ఇందు పాలు గలదు. 1855 నాటి బెజవాడ ఆనకట్ట, దాని పిమ్మట 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము మన కన్నము పెట్టినవి. జవహర్ కాలువ లేని పల్నాటిని నేడు తలపజాలము. కాని ఆ కట్టల వెనుకనే కృష్ణ మోయు ఒండ్రు నిలిచిపోవుచున్నది. మొగకు చేరు మంచినీరు తగ్గినది. ఆ ఒండ్రే మడ అడవికి నేల, కత్తిపరెగకు పళ్లెము. ఎగువ నున్న మనము నీటిని పొదుపుగా వాడి, నదికి సముద్రపు వాటాను మిగుల్చుట దిగువ జాలరి కడుపు నింపుటయే. సముద్రమును చేరిన నీరు వృథా యను మాటను ఇకనైన ఆలోచించి పలుకుదము.