దారి చూపని ‘ఫతే రహ్‌బర్’

గోల్కొండ బురుజుల మీది చెక్కడపు ఫిరంగులు దేనికి పనికొచ్చాయి? జవాబు వెతుకుతూ పోతే సికింద్రాబాద్ పుట్టుక దగ్గర తేలుతాం.

గోల్కొండ పెట్లా బురుజు మీద సుమారు 16 అడుగుల ఫిరంగి ఉంది. పేరు ఫతే రహ్‌బర్. పార్సీలో విజయానికి దారి చూపేది అని అర్థం. ముట్టడి కథ తెలిస్తే ఆ పేరు ఎగతాళిలా వినిపిస్తుంది. 1687లో ఔరంగజేబు సుమారు ఎనిమిది నెలలు కోట చుట్టూ పడిగాపులు పడ్డాడు. ఫిరంగులకు గోడ లొంగలేదు. గోడ కింద పెట్టిన మందుపాతరలు ఎదురుతిరిగి మొఘల్ సైనికులనే పొట్టన పెట్టుకున్నాయి. చివరకు సెప్టెంబరులో ఒక రాత్రి తలుపు తీసింది లోపలివాడే, లంచానికి లొంగిన అబ్దుల్లా ఖాన్ పనీ. దారి చూపినవి కాసులు. ఫిరంగికి దక్కింది పేరు.

అలాగని దీన్ని ఉత్త అలంకారమని తోసిపుచ్చలేం. దాని మీది పార్సీ రాత చూడండి: మొఘల్ చక్రవర్తి ఔరంగజేబు పేరు, ఫిరంగి పేరు, పోతపోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరు, ఆ వెంటే గుండు బరువెంత, మందు ఎంత కూరాలి అన్న లెక్క. రాజప్రశస్తి పక్కనే పచారీ చీటీ! ఆ లెక్క ప్రాణాలకు సంబంధించింది. మందు తగ్గితే గుండు చేరదు, మోతాదు మించితే గొట్టం పగిలి పేల్చినవాళ్లే పోతారు. అదే చేతి పోత మరొకటి మూసా బురుజు మీది అజ్‌దహా పైకర్, అంటే మహాసర్ప రూపం. రెండూ 1670ల నాటివి, గోల్కొండ ముట్టడికి పదేళ్లకు పైగా ముందువి. కాబట్టి ఫతే రహ్‌బర్ అన్నది గెలిచాక ఇచ్చిన బిరుదు కాదు. పుట్టిన బిడ్డకు విజయ్ అని పెట్టుకున్నట్టు, ముందే పెట్టుకున్న ఆశ.

గోడ మీది శత్రువు ఆ రాత చదవలేడు కదా, ఇంక ఎవరి కోసం అనవచ్చు. సొంతవాళ్ల కోసం. నెలల తరబడి బురదలో నిలవాల్సిన సైన్యానికి ధైర్యం కూడా సరంజామాయే. కోట పడ్డాక అదే ఫిరంగి బురుజెక్కి ఓడిన నగరానికి ఎవరు గెలిచారో చెప్పింది. ఫిరంగి నిజంగా చంపిన సందర్భాలు లేవా? ఉన్నాయి. 1656 దాడిలో మొఘల్ సేనాని మీర్ మీరాన్ కోట నుంచి పేలిన గుండుకే కూలాడు. అయినా ఆ యుద్ధాన్ని ముగించింది రాజీయే. గోల్కొండవారు చేసిందేమిటంటే, ధర్మాచారి పర్యవేక్షణలో 1666 నాటికి మూసా బురుజు కట్టి, మీర్ మీరాన్ కూలిన సంగతిని రాతి మీద రాయించారు. గుండు దెబ్బకంటే దాని కబురే ఎక్కువకాలం పనిచేసింది.

బాక్స్: తోప్ కా సాంచా
హైదరాబాద్ గన్‌ఫౌండ్రీకి ఆ పేరు నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టించిన ఫిరంగుల కార్ఖానా, తోప్ కా సాంచా, వల్ల వచ్చింది. జనం నోట్లో ఆయనే మూసారాం. మూసారాంబాగ్ ఆయన గుర్తే. ‘ఫిరంగి’ మాట కూడా ఐరోపావాళ్లను పార్సీలో పిలిచే పేరు నుంచే పుట్టింది.

ముట్టడి జరిగిన వందేళ్ల తర్వాత హైదరాబాద్‌లోనూ ఇదే కథ. నిజాం కొలువులో ఫ్రెంచి పటాలాన్ని నడిపిన రేమండ్ 1798 మార్చిలో పోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో కంపెనీ దళాలు ఫిరంగులు ఎక్కుపెట్టి చుట్టుముడితే, పదివేలకు పైబడ్డ ఫ్రెంచి పటాలం రక్తపాతం లేకుండానే ఆయుధాలు దించేసింది. బకాయి జీతాల కోసం సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడ్డారు. హుస్సేన్‌సాగర్ ఉత్తరాన స్థిరపడిన కంపెనీ దండు విడిదికే 1806లో అప్పటి నిజాం సికిందర్ జా పేరిట సికింద్రాబాద్ అన్న పేరొచ్చింది. పటాలం లొంగిన రోజు ఫిరంగి కనబడితే చాలింది, మిగతా పని జీతం బకాయి చేసింది. ఫతే రహ్‌బర్ మీద గుండు బరువు రాసి ఉంది, మందు బరువు రాసి ఉంది. తలుపు తీయించిన కాసుల బరువు మాత్రం రాయలేదు.