కంప్యూటరు గృహప్రవేశం

ఇల్లు మారినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. పాత ఇంట్లో ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన గోడగడియారం, కొత్త ఇంటి మేకుకు తగిలించగానే ఆగిపోతుంది. మా కంప్యూటరు విషయంలో సరిగ్గా అదే జరిగింది.

దాని రేకుపెట్టె తుప్పుపట్టింది. ముందువైపు మీట లోపలికి పోతే మళ్లీ బయటికి రాదు. లోపలి సామగ్రి మాత్రం రాయిలా ఉంది. పెట్టె ఒక్కటీ మార్చుకుంటే చాలదూ అని నాకు బుద్ధి పుట్టింది. తెలుగు ఎమ్మే చదివినవాడికి ఇటువంటి బుద్ధులు పుట్టకూడదని మా ఆవిడ అభిప్రాయం. ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. 2017లో పోయిన మా నాన్నగారి గొంతు ఆ కంప్యూటరులో ఉంది. చివరి రెండేళ్లలో ఆయన చెప్పిన ఊరి కబుర్లు, పాడిన పద్యాలు రికార్డు చేసి దాచాను. రెండో ప్రతి లేదు. ఎందుకు లేదంటే నా దగ్గర జవాబూ లేదు.

ఒక ఆదివారం కొత్త పెట్టె తెచ్చి, స్క్రూలన్నీ విప్పి, మదర్‌బోర్డు మొదలుకొని సమస్తమూ అందులోకి చేర్చాను. మీట నొక్కాను. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అర చుట్టే!

రిపేరు దుకాణం అతనికి ఫోను చేస్తే చూడకుండానే తేల్చేశాడు. “మదర్‌బోర్డు పోయింది సార్. కొత్తది వేయించుకోండి.” ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు కాలేజీలో మా ఫిజిక్సు మాస్టారితో మొర పెట్టుకున్నాను. “ముందు ఆ డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి. బోర్డు పోయినంత మాత్రాన డిస్కు పోదు. ఇంకో కంప్యూటరుకు తగిలించి చదువుకోవచ్చు” అన్నారాయన. సగం ప్రాణం లేచి వచ్చింది. “సరేగాని, శనివారం దాకా నడిచింది గదా! ఆదివారం మారిందేమిటి?” అన్నారు. “పెట్టె” అన్నాను. “అయితే ఆ పెట్టెను పక్కన పెట్టి చూద్దాం పదండి.”

సాయంత్రం ఇంటికొచ్చి, కరెంటు తీగ పీకించి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోయేందుకు నా చేత పెట్టె రేకు ముట్టించారు. బోర్డును బయటికి తీసి అట్టపెట్టె మీద పడుకోబెట్టారు. ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యాము ముక్క, కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్, మానిటరు – ఇంతే పరివారం. మళ్లీ కరెంటు ఇచ్చి, మీట తీగ తగిలించే రెండు పిన్నులనూ స్క్రూడ్రైవరు మొనతో క్షణంసేపు కలిపారు. ఫ్యాను గిర్రున తిరిగింది. తెర వెలిగింది!

దొంగ పెట్టెలోనే ఉన్నాడన్నమాట. టార్చిలైటు వేసి వెతికాం. బోర్డు వెనక టంకం బొడిపెలు రేకుకు తగలకుండా, పెట్టెలో చిన్న చిన్న ఇత్తడి గుబ్బలు బిగించి ఉంటాయి. వాటిమీదే బోర్డు నిలుస్తుంది. ఏ గుబ్బ ఎక్కడ ఉండాలో 1995లో ఇంటెల్ కంపెనీ వెలువరించిన ఏటీఎక్స్ కొలతలు చెబుతాయి. మాది 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు గల పెద్ద బోర్డు. దానికి తొమ్మిది కన్నాలు. పెట్టెలో గుబ్బలు లెక్కపెడితే పది! ఆ పదోది 244 మిల్లీమీటర్ల చదరపు చిన్న బోర్డు కోసం బిగించింది. కన్నం లేనిచోట అది బోర్డు వీపుకు గుచ్చుకుని షార్టు చేస్తోంది. ప్రమాదం పసిగట్టి ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను కరెంటు ఆపేస్తోంది. దాని బుద్ధికి నేను దాన్నే తిట్టాను పాపం.

గుబ్బ పీకేసి మళ్లీ బిగించాం. ఈసారి ఫ్యాన్లు తిరిగాయి గాని తెర చీకటి. నా గుండె మళ్లీ జారింది. మాస్టారు మాత్రం టీ తాగడం ఆపలేదు. “ప్రాసెసరుకు వేరే కరెంటు తీగ ఉంటుంది, తగిలించారా?” అన్నారు. పైమూల సందులో ఎనిమిది పిన్నుల సాకెట్టు ఖాళీగా నన్ను వెక్కిరిస్తోంది. 24 పిన్నుల పెద్ద తీగ పెట్టిన సంబరంలో చిన్నదాన్ని మరిచాను.

డిస్కును బీరువాలోంచి తెచ్చి తగిలించేసరికి రాత్రి తొమ్మిదయింది. నాన్నగారు పద్యం ఎత్తుకునే ముందు అలవాటుగా దగ్గే చిన్న దగ్గు గదంతా వినిపించింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది.

పద్యం అయ్యాక, “రెండో ప్రతి?” అన్నది.

ఆ రాత్రే రెండు తీశాను. ఒకటి మా చెల్లెలింటికి పంపాను.