ఇంటికొచ్చే పిల్లల నర్సులు: ఎవరి పని ఎవరిది?

జబ్బుపడిన పిల్లలకు ఇంటి దగ్గర, బడిలో చికిత్స అందించే నర్సింగ్ విభాగాన్ని బ్రిటన్‌లో కమ్యూనిటీ చిల్డ్రన్స్ నర్సింగ్ అంటారు. ఆసుపత్రి వార్డుల్లో పసిపిల్లలకు ఒకరి నుంచి ఒకరికి అంటురోగాలు సోకుతున్న రోజుల్లో, 1949లో రాథరమ్ పట్టణంలో ఇది మొదలైంది. 1954లో బర్మింగ్‌హామ్, లండన్‌లోని పాడింగ్టన్ అదే బాట పట్టాయి. తప్పనిసరైతే తప్ప పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చవద్దని ఆసుపత్రుల్లో పిల్లల సంక్షేమాన్ని పరిశీలించిన ప్లాట్ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక గట్టిగా చెప్పింది.

ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదలను గమనించే హెల్త్ విజిటర్లు, బడి ఈడు పిల్లల ఆరోగ్యం చూసే స్కూల్ నర్సులు వేరు. వాళ్లది ప్రజారోగ్యం, కమ్యూనిటీ పిల్లల నర్సుల బృందం చూసేది జబ్బుతో ఉన్న పిల్లల్ని. ఆ పిల్లల్ని ఇంగ్లండ్ ఆరోగ్య శాఖ 2011లో నాలుగు వర్గాలు చేసింది: కొద్ది రోజుల్లో తగ్గే జబ్బులవాళ్లు, దీర్ఘకాలిక వ్యాధులవాళ్లు, వైకల్యంతో గానీ సంక్లిష్ట అవసరాలతో గానీ ఉన్నవాళ్లు, ప్రాణాంతక వ్యాధులవాళ్లు. ఆపరేషన్ కట్టు మార్చడానికి కావలసిన నేర్పు వేరు, చివరి రోజుల్లో ఉన్న బిడ్డ నొప్పి తగ్గించడానికి కావలసిన అనుభవం వేరు. అందుకే బృందంలో రకరకాల శిక్షణ ఉన్నవాళ్లు కలిసి పనిచేస్తారు. ఈ కూర్పునే స్కిల్ మిక్స్ అంటారు.

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఉద్యోగ హోదాలను బ్యాండ్లుగా లెక్కిస్తారు. మూడు, నాలుగు బ్యాండ్లలో సాధారణంగా సపోర్ట్ వర్కర్లు, నర్సరీ నర్సులు ఉంటారు. నాలుగో బ్యాండ్‌లోనే నర్సింగ్ అసోసియేట్లు కూడా ఉంటారు. వీరిది రెండేళ్ల చదువు. ఇంగ్లండ్‌లో 2019 నుంచి వీరి పేర్లు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో నమోదవుతున్నాయి. రిజిస్టర్డ్ నర్సు ఉద్యోగం అయిదో బ్యాండ్‌లో మొదలవుతుంది. మన బీఎస్సీ నర్సింగ్‌లో అందరికీ ఒకటే డిగ్రీ. అక్కడ మాత్రం కోర్సులో చేరేటప్పుడే పిల్లల నర్సింగా, పెద్దల నర్సింగా, మరో విభాగమా అన్నది ఎంచుకోవాలి. అనుభవం గడించి, కొందరు పిల్లల బాధ్యతను సొంతంగా చూసేవారు ఆరో బ్యాండ్‌లో, బృందాన్ని నడిపేవారు, ప్రత్యేక శిక్షణ పొందినవారు ఏడులో, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీషనర్లు, కన్సల్టెంట్ నర్సులు ఆపైన ఉంటారు. అదనపు అర్హత సాధించిన నర్సులు మందులు కూడా రాయవచ్చు.

పనులు పంచుకోవడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నని గొట్టం ద్వారా పాలు తాగే బిడ్డకు, ప్రతిసారీ పాలు పట్టే ముందు గొట్టం కొన కడుపులోనే ఉందని తేల్చుకోవాలి. సిరంజితో కొద్దిగా ద్రవం లాగి ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ పట్టీ మీద వేస్తారు. 5.5 లేదా అంతకు తక్కువ చూపితే పాలు పట్టవచ్చు. ఎక్కువ చూపితే ఆపాలి. గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష నేర్పితే తల్లీ చేయగలదు, సపోర్ట్ వర్కరూ చేయగలరు. ద్రవం అసలు రాకపోతే? బిడ్డ కడుపులో ఆమ్లం తగ్గించే మందు వాడుతుంటే? అప్పుడు నిర్ణయించాల్సింది నర్సు.

గొంతుకు రంధ్రం చేసి ట్రకియాస్టమీ గొట్టం అమర్చిన పిల్లలకు, వెంటిలేటర్ మీద ఉన్న పిల్లలకు రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. చాలాచోట్ల ఈ పని శిక్షణ పొందిన సహాయకులే చేస్తారు. గొట్టంలో చేరిన కఫాన్ని లాగేసే సక్షన్ ఎలా చేయాలో, గొట్టం మూసుకుపోతే ఏం చేయాలో నర్సు నేర్పి, చేయించి చూసి, సంతకం పెట్టాకే వారికి బాధ్యత అప్పగిస్తారు. ఆ అనుమతి ఆ ఒక్క బిడ్డకే. మరో బిడ్డ దగ్గరికి వెళితే ఆ బిడ్డ అవసరాలకు తగ్గట్టు మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష. అప్పగించిన పనిని సరిగా చేయడం సహాయకుల బాధ్యత. ఆ పని వారికి అప్పగించవచ్చన్న నిర్ణయానికి జవాబుదారీ నర్సే.

సిబ్బంది ఎంతమంది ఉండాలన్నదానికీ ఒక కొలత ఉంది. 50,000 మంది పిల్లలున్న ప్రాంతానికి కనీసం 20 మంది పూర్తికాల కమ్యూనిటీ పిల్లల నర్సులు కావాలని రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ సూచించింది. ఒక్కో బిడ్డకు విడిగా ఏర్పాటయ్యే నిరంతర సంరక్షణ సిబ్బంది ఈ లెక్కలోకి రారు. తలల లెక్క ఒక్కటే చాలదు. పల్లె ప్రాంతాల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి పట్టే సమయం, పిల్లల జబ్బు తీవ్రత, రాత్రి వేళ, సెలవు రోజుల్లో అందుబాటు కూడా చూడాలి.

సహాయకులు పెరిగితే నర్సుల చేతికి తీరిక దొరుకుతుంది. క్లిష్టమైన పిల్లల మీద దృష్టి పెట్టగలుగుతారు. అలాగని జీతాల ఖర్చు తగ్గించుకోవడానికి నర్సుల పోస్టులకే కోత పెడితే ఏర్పాటంతా కుంటుపడుతుంది. సహాయకులకు, తల్లిదండ్రులకు నేర్పేదీ, తనిఖీ చేసేదీ, సందేహం వస్తే జవాబు చెప్పేదీ ఆ నర్సులే.