నీకు నీవే అధికారివి: ఈ మాట అనగలిగేది ఎవరు?

తెలుగులో ‘అరాచకం’ అనే మాటకు మంచి పేరు లేదు. రాజు లేని చోట దోపిడీ తప్ప మరేదీ మిగలదన్న పాత భయం ఆ పదంలో గూడుకట్టుకొని ఉంది. పాలకుడు లేకుండా మనుషులు పరస్పర సహకారంతో బతకగలరని చెప్పే రాజకీయ సిద్ధాంతాన్ని కూడా మనం ‘అరాచకవాదం’ అనే పిలుస్తున్నాం. ఆ సిద్ధాంతాన్ని గిటార్ల హోరు మధ్య ఒక తరం యువతకు చేర్చిన ఇంగ్లండ్ పంక్ సంగీత బృందం క్రాస్. దాని చరిత్రపై అలెగ్జాండర్ ఓయీ 2006లో తీసిన డచ్ డాక్యుమెంటరీ పేరు ‘దేర్ ఈజ్ నో అథారిటీ బట్ యువర్‌సెల్ఫ్’. నీ మీద నీకు తప్ప మరెవరికీ అధికారం లేదని దాని భావం. ఆ చిత్రం చూసిన అభిమానుల మధ్య ఒక వాదం తెగకుండా సాగుతూ ఉంటుంది. అది కులం గురించిన వాదం కాదు. అయినా కులాన్ని గురించి ఆలోచించేవారు దానిని శ్రద్ధగా వినవలసి ఉంది.

క్రాస్ 1977లో ఏర్పడింది. లండన్‌కు ఈశాన్యంగా, ఎసెక్స్‌లో ఎపింగ్ సమీపాన ఉన్న డయల్ హౌస్ అనే పాతకాలపు పల్లె ఇల్లు దాని పుట్టిల్లు. 1967 నుంచి ఆ ఇంటి తలుపులు వచ్చినవారందరికీ తెరిచే ఉన్నాయి. అక్కడ నివసించే పెన్నీ రాంబో మధ్యతరగతి కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ ఇంటికి చేరిన స్టీవ్ ఇగ్నరెంట్ డాగెన్‌హామ్ కార్మికవాడలో పెరిగిన ఇరవై ఏళ్ల కుర్రవాడు. ఒకరు డ్రమ్స్ వాయించారు, మరొకరు పాడారు. ఆ తర్వాత బృందం పెరిగింది. రికార్డు అట్టలు విప్పితే జీ వౌషర్ చిత్రాలతో పోస్టర్లయ్యేవి. ఇంతకు మించి చెల్లించవద్దని అట్టల మీదనే ధర అచ్చువేసేవారు. వేదిక మీద ఒకరు తారగా వెలగకూడదని అందరూ నల్లని దుస్తులే ధరించేవారు.

1978లో వారు రికార్డు చేసిన తొలి ఆల్బమ్ ‘ది ఫీడింగ్ ఆఫ్ ద ఫైవ్ థౌజండ్’కు ఎదురైన అనుభవం ఆలోచింపజేసేది. అందులోని మొదటి పాఠం క్రైస్తవ విశ్వాసాన్ని దూషిస్తున్నదని ఐర్లండ్‌లోని రికార్డుల కర్మాగార కార్మికులు దానిని ముద్రించేందుకు నిరాకరించారు. ఆ చోటును నిశ్శబ్దంగా వదిలి, దానికి ‘వాక్‌స్వాతంత్ర్యపు ధ్వని’ అనే అర్థమిచ్చే పేరు పెట్టి ఆల్బమ్ విడుదల చేశారు. ఇక్కడ నిషేధం విధించింది ప్రభుత్వం కాదు, పోలీసులూ కారు. విశ్వాసం గల శ్రామికులు. అధికారం రాజధానిలోనే కాపురముండదని ఆ బృందానికి తొలి అడుగులోనే తెలిసివచ్చింది. మరొకరి మీద ఆధారపడకుండా ఉండేందుకు సొంత రికార్డు సంస్థను నెలకొల్పుకున్నారు.

1981లో పూర్తిగా స్త్రీల గొంతులతో ‘పీనిస్ ఎన్వీ’ ఆల్బమ్ వెలువరించి, పెళ్లి, అందం, విధేయత పేరిట సాగే పురుషాధిక్యాన్ని ఎండగట్టారు. అందులోని ఒక వెటకారపు పెళ్లిపాటను మారుపేరుతో ‘లవింగ్’ అనే ప్రేమకథల పత్రికకు అంటగట్టగా, ఆ పత్రిక దానిని నిజమైన ప్రేమగీతమని నమ్మి తన పాఠకులకు ఉచితంగా అందించింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధాన్ని ఖండిస్తూ వారు తెచ్చిన రికార్డు మీద కేసు పెట్టాలని ఒక కన్సర్వేటివ్ పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టాడు. థాచర్, రీగన్ ప్రసంగాల ముక్కలను అతికించి వారిద్దరి ఫోను సంభాషణగా తయారుచేసిన టేపును అమెరికా ప్రభుత్వ వర్గాలు సోవియట్ గూఢచారుల పనిగా అనుమానించాయి. అది క్రాస్ చేతిపని అని 1984 జనవరిలో ‘అబ్జర్వర్’ పత్రిక బయటపెట్టింది. అదే ఏడాది వేసవిలో, సమ్మెలో ఉన్న గని కార్మికుల కోసం వేల్స్‌లోని అబర్‌డేర్‌లో ఇచ్చిన కచేరీతో బృందం ప్రస్థానం ముగిసింది.

డాక్యుమెంటరీ ఈ గతాన్ని చూపి అక్కడే ఆగదు. డయల్ హౌస్‌లోని తోట, సహజ వ్యవసాయ శిక్షణ, జాజ్ క్లబ్బులో రాంబో కవితాపఠనం కూడా అందులో ఉన్నాయి. అభిమానుల పేచీ ఇక్కడే మొదలవుతుంది. థాచర్‌ను ఎదిరించినవారు చివరకు కూరగాయల మడులకు చేరుకున్నారేమిటని కొందరు నొచ్చుకుంటారు. చెప్పిన బతుకును బతికి చూపడమే అసలైన రాజకీయమని మరికొందరు బదులిస్తారు. కార్మికవాడ కుర్రవాడి కోపాన్ని మధ్యతరగతి తత్వజ్ఞులు తమ పుస్తకంలో అధ్యాయంగా మార్చుకున్నారని ఇంకొందరి ఆక్షేపణ. 2007 నవంబరులో లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ఎంపైర్ వేదికపై స్టీవ్ ఇగ్నరెంట్ పాత పాటలను మళ్లీ పాడినప్పుడు ఈ వాదం మరింత వేడెక్కింది.

మూడో ఆక్షేపణలో బలముంది. అధికారాన్ని తిరస్కరించడానికి కూడా నిలబడే చోటు కావాలి. డయల్ హౌస్ వాసులు ఎంతో కాలం ఆ ఇంట అద్దెకున్నారు. స్థలం నిర్మాణ వ్యాపారుల పాలయ్యే ప్రమాదం వచ్చినప్పుడు అప్పులు చేసి వేలంలో దానిని కొనుక్కోవలసి వచ్చింది. ఆస్తిని ప్రశ్నించినవారిని కూడా ఆస్తి వదలలేదు. ఇది వారి కపటత్వానికి సాక్ష్యమని నేను అనను. కాళ్ల కింద నేల లేనివాడికి ‘నీకు నీవే అధికారివి’ అన్న నినాదం ఎంత దూరం పనికివస్తుందన్న ప్రశ్నను మాత్రం అది మన ముందుంచుతుంది.

ఆ చిత్రంలో నన్ను కదలనీయకుండా చేసిన దృశ్యం మరొకటి ఉంది. కొందరు కలిసి మానవ విసర్జనను ఎరువుగా మార్చే మరుగుదొడ్డిని నిర్మించడం నేర్చుకుంటారు. అక్కడ అది స్వావలంబన పాఠం. ఎవరి మలినానికి వారే బాధ్యులన్న సూత్రానికి ఆచరణ రూపం. ఆ పనిలో చేయిపెట్టినవారు మరునాడు ఎవరింటికి వెళ్లినా గుమ్మం బయట నిలబడనక్కరలేదు. మన దేశంలో అదే పదార్థం పుట్టుకతో కొందరి నెత్తిన పెట్టిన గంప. కోలారు బంగారు గనుల ప్రాంతంలో, అదే పనికి కట్టుబడిన దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ గంపను దించడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్ నిర్మాతల్లో ఒకరయ్యారు. 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం వచ్చాయి. ఆ సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెబుతూ, 1993 నుంచి మురుగు గుంతల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అంటే ఆ గంపను దించడానికి ఉద్యమంతో పాటు చట్టమూ, న్యాయస్థానమూ కావలసి వచ్చాయి.

అరాచకవాదుల ఆశ చిన్న సమూహాల మీద నిలిచి ఉంటుంది. రాజ్యం తప్పుకుంటే ఇరుగుపొరుగు ఒకరినొకరు చూసుకుంటారని వారి నమ్మకం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామ గణతంత్రాల భ్రమను తుత్తునియలు చేసింది ఈ కారణం చేతనే. ఊరు అనే చిన్న సమూహం దళితుడికి రక్షణ కాదు. వెలి వేసే శక్తి. 1985 జూలైలో కారంచేడులో చంపినవారు పరాయి పాలకులు కారు, ఇరుగుపొరుగువారే. రాజ్యం అగ్రకులాల పక్షం వహించిందని తెలిసి కూడా దళిత ఉద్యమం చట్టాన్ని వదులుకోలేదు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాక 1991లో చుండూరు జరిగింది. రాజ్యంతో పోరాడుతూనే దానిని జవాబుదారీగా నిలబెట్టడం మన అనుభవం నేర్పిన విద్య. రాజ్యాన్ని ఒక్క మాటతో తోసిపుచ్చగల సౌకర్యం అందరికీ సమానంగా లేదు.

అలాగని క్రాస్‌ను పక్కన పెట్టేద్దామా? నా సమాధానం, వద్దు. మన చట్టాలు గడప దాటి లోపలికి వెళ్లలేకపోయిన చోటే వారి ప్రశ్న మొదలవుతుంది. వంటింట్లో వేరుగా పెట్టిన గ్లాసును ఏ పోలీసూ చూడడు. హాస్టల్ గదిలో ఇంటిపేరు అడిగే మర్యాదపూర్వకమైన ఆరాకు ఏ సెక్షనూ వర్తించదు. ఐర్లండ్ కర్మాగారంలో మాదిరిగానే ఇక్కడ కూడా అధికారం మామూలు మనుషుల చేతుల్లో, అలవాట్లలో పనిచేస్తుంది. ‘నీకు నీవే అధికారివి’ అన్న మాటను గంప మోసే మనిషికి వినిపిస్తే అది వెక్కిరింతలా ఉంటుంది. గంప మోయించే మనిషికి వినిపిస్తే అదే మాటకు వేరే అర్థం వస్తుంది: నీ అధికారం నీ ఒక్కడి మీదనే, పక్కవాడి మీద పుట్టుకతో నీకు దక్కిందనుకుంటున్న అధికారం నీది కాదు, దించు.

ఆ చిత్రాన్ని చూసే విద్యార్థి మిత్రులను నేను కోరేది ఒక్కటే. నినాదం విన్నప్పుడల్లా అది ఎవరిని ఉద్దేశించినదో అడగండి. ఆ జవాబు మనవైపే వేలు చూపితే, తల తిప్పుకోకండి.